ఆంగ్లమున ఆకాంక్షానుతాపములు: భూతరూప విచారము

ఆంగ్లభాషను బోధించు వ్యాకరణములలో ‘విష్’ అను క్రియను అనుసరించు ఉపవాక్యమున భూతకాలము వాడవలెనని చెప్పి విడుచుట పరిపాటి. ఈ మాట రూపమునకు సరిపోవును గాని అర్థమునకు సరిపోదు. ‘ఐ విష్ ఐ న్యూ హిజ్ నేమ్’ అనువాడు నిన్నటి జ్ఞానమును కోరుట లేదు. ‘వాని పేరు నాకిప్పుడు తెలియదు, తెలిసిన బాగుండును’ అనుచున్నాడు. రూపము భూతము, అర్థము వర్తమానము. ఇందులకు హేతువు చెప్పనిచో విద్యార్థి సూత్రమును వల్లించును గాని వాక్యమును గ్రహింపజాలడు.

పాణినీయము చదివినవారికి ఈ హేతువు దుర్గ్రహము కాదు. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ తృతీయపాదమున, క్రియాతిపత్తి, అనగా క్రియ సిద్ధింపకపోవుట, తోచునపుడు లృఙ్ విధింపబడినది. ‘అభవిష్యత్’ అను రూపమును విడదీసి చూడుడు. మొదటి అడాగమము లఙ్‌లుఙ్‌లయందును కానవచ్చు భూతచిహ్నము. నడుమనున్న ‘స్య’ లృట్టునందలి భవిష్యచ్చిహ్నము. రెండును కలిసి ‘జరుగవలసియు జరుగలేదు’ అను అర్థమును పుట్టించినవి. ఆంగ్లమున ‘వుడ్’ అనునది ‘విల్’ అను సహాయక్రియకు భూతరూపమే గదా! ‘వుడ్ హ్యావ్ కమ్’ అనుటయు నట్టి కూర్పే. తెనుగున ‘నీవు వచ్చియుండిన నేను సంతోషించెడివాడను’ అనుచో, పూర్వపు అలవాటును దెలుపు రూపమే కలుగని సంతోషమును దెలుపుచున్నది. ఈ మూడు భాషలును భూతరూపమును కాలదూరమునకే గాక యథార్థదూరమునకును వాడుచున్నవి. డెన్మార్కు పండితుడగు ఆటో యెస్పర్సన్ 1924లో వెలువరించిన ‘ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ అను గ్రంథమున కాలమును బోధింపని కాలరూపములను ప్రత్యేకముగ చర్చించియున్నాడు.

అయినను సామ్యమునకు హద్దు కలదు. పాణిని మతమున లృఙ్ ఒక్కటియే భవిష్యద్భూతముల రెంటను క్రియాతిపత్తిని దెలుపును. ఆంగ్లమున ఇప్పటి కొఱతకు ‘న్యూ’, గతించినదానికై అనుతాపమునకు ‘హ్యాడ్ నోన్’, ఇతరుల నడవడి మాఱవలెనను కోరికకు ‘వుడ్’ అని రూపభేదము గలదు. ‘ఐ విష్ ఐ వర్’ అనుచోటి ‘వర్’ ప్రాచీనాంగ్లమునందలి సంభావనార్థక రూపమునకు శేషము.

‘విష్’ ఆశీరర్థకము గావున ఆశీర్లిఙ్ఙే దానికి సాటి యని కొందఱనవచ్చును. ‘ఐ విష్ యు హ్యాపీనెస్’ అనుచో అది నిజమే. ‘నీకు సుఖము కలుగుగాక’ అని తెనిగింపవచ్చును. ఉపవాక్యమున భూతరూపము చేరినంతనే ఆశీస్సు తొలగి అసిద్ధి నిలుచును. సాధ్యమగుదానిని ఆశించుటకు ‘హోప్’ వేఱుగ నున్నది.

ఈ వివేకము లేక ‘ఐ విష్ ఐ హ్యాడ్ నోన్’ అనుదానిని ‘తెలిసికొనగోరుచున్నాను’ అని తెనిగించినచో అనుతాపము ఆశగా మాఱి, వక్త హృదయమే తాఱుమాఱగును. ‘తెలిసియుండిన బాగుండెడిది’ అనుటయే యుక్తము. కావున ఉపాధ్యాయులు ఇట్టి తావుల ‘భూతకాలము’ అనక ‘అసిద్ధార్థమున భూతరూపము’ అని బోధింతురు గాక. పేరు సరియైనచో సగము పాఠము చెప్పినట్లే.