వాసెన కట్టే చేతికి దండం

ఆవకాయ కలపడం చాలామందికి వచ్చు. ఏడాది పొడుగునా నిలబెట్టడం కొందరికే వచ్చు. ఎండాకాలంలో కలిపిన ఆవకాయను మళ్లీ మామిడి పిందె వేసేనాటికి తీసినా ముక్క కరకరలాడాలి, ఆవఘాటు ముక్కుకు తగలాలి. అలా నిలబెట్టగలిగిన మా మేనత్తలాంటి గోదావరి ఇల్లాళ్లను నేను మహా కళాకారులనే అంటాను.

వాళ్ల పనితనం కాయ దగ్గరే మొదలవుతుంది. కొత్తపల్లి కొబ్బరి, చిన్నరసం, తెల్లగులాబీ, ఏదైనా సరే, పుల్లగా ఉండాలి, టెంక ముదరాలి, కోసి పూట దాటకూడదు. మెత్తబడ్డ కాయ ఒక్కటి కలిసినా జాడీ అంతటికీ చేటే. కాయల్ని కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, టెంకతో సహా కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీకి, ప్రతి ముక్కనూ మళ్లీ పొడిబట్టతో తుడుస్తారు. నాలుగు పాళ్ల ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు ఒక్కో పాలు. ఉప్పంటే ఎండబెట్టి దంచిన కల్లుప్పే, నూనె అంటే నువ్వుల నూనే. ఈ రెండింటి మీద నేను ఎవరితోనూ రాజీపడను. తెలంగాణ ఇళ్లలో అల్లంవెల్లుల్లి ముద్ద, తాలింపు పెట్టి చల్లార్చిన నూనె వేస్తారు. ఆ ముద్దలో తడి ఉంటుంది కాబట్టి దాన్ని నిలబెట్టిన చేయి ఇంకా గట్టిది.

మూడో నాడు తిరగకలపడం అసలు పరీక్ష. ఊట దిగిన పచ్చడిని అడుగునుంచి పైకి కలిపి, ఉప్పు సరిచూసి, ముక్కలు మునిగి పైన అంగుళం మేర నూనె తేలేలా పోస్తారు. మా మేనత్త మూత తీసి వాసన చూసే ఉప్పు చాలిందో లేదో చెప్పేసేది. రుచి చూసినవాళ్లెవరూ ఆ మాట కాదనగా నేను వినలేదు.

ఇదంతా చాదస్తమనుకునేవాళ్లు కారణాలు వినండి. ఉప్పు ముక్కలోని నీటిని లాగి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. పీహెచ్ 4.6 కంటే తగ్గిన పులుపులో బాట్యులిజం తెచ్చే బ్యాక్టీరియా పెరగలేదు. పుల్లమామిడి పులుపు అంతకంటే తీక్షణం. బూజుకు గాలి కావాలి, నూనె దాన్ని అడ్డుకుంటుంది. ఆవఘాటుకూ సూక్ష్మజీవుల్ని అణిచే గుణముంది. ఉప్పూ పులుపూ లేకుండా నూనె ఒక్కటే పోస్తే రక్షణ ఉండదు.

ఇక జాడీ. ఒకప్పుడు ఇవి బర్మా రేవుల నుంచి ఓడల్లో దిగేవని చెప్పుకుంటారు. ఉప్పూ పులుపూ అల్యూమినియాన్ని, ఇత్తడిని తినేస్తాయి, మంచి పింగాణీని ఏమీ చేయలేవు. పెచ్చులూడినది, బీటలిచ్చినది మాత్రం పక్కన పెట్టాల్సిందే. జాడీని ముందే కడిగి ఎండలో పెట్టి, చెమ్మ లేదని చూసి నింపాలి. మూతికి ఉతికిన నూలుబట్టతో వాసెన కట్టి, ఆపైన మూత పెట్టి, పొయ్యికి దూరంగా పీట మీద ఉంచాలి. రోజూ తీసుకోవడానికి చిన్న జాడీ వేరు. పొడి గరిటెతో అందులోకి తీసుకుని, పెద్ద జాడీలో మిగిలిన ముక్కల్ని నూనె కిందికి నొక్కి, గోడలు తుడిచి, మళ్లీ వాసెన కట్టాలి. బూజు కనిపిస్తే పైపైన తీసేసి తినకండి. దాని పోగులు కంటికి కనిపించకుండా లోపలికి పాకి ఉంటాయి.

ఇంతటి విద్యను ఇవాళ బజారు ఏం చేసింది! సీసా మీద బామ్మ బొమ్మ, లోపల టెంక లేని మెత్తటి ముక్క, పామాయిల్, రంగు, వెనిగర్, సోడియం బెంజోయేట్. బెంజోయేట్‌ను పరిమితికి లోబడి చట్టం ఒప్పుకుంది, నా కోపం దాని మీద కాదు. తుడవని కాయను, చాలని ఉప్పును, ఓపిక లేనితనాన్ని దాని చాటున దాచి, ఆ సీసాకు బామ్మ పేరు పెట్టడం మీద. పైగా ఇప్పుడు ‘తక్కువ ఉప్పు ఆవకాయ’ అని కొత్త మోజు! ఉప్పు జాడీలో తగ్గించకండి, కంచంలో తగ్గించుకోండి. బీపీ ఉన్నవాళ్లు చిన్న ముక్కతో సరిపెట్టుకోవాలి. ఉప్పు తగ్గించక తప్పదంటే కొద్దిగా కలుపుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా తినేయాలి.

అమెరికాకు పెట్టెల్లో పచ్చడి మోసుకెళ్లే పిల్లలారా, పచ్చడితోపాటు దాన్ని నిలబెట్టే విద్యనూ పట్టుకెళ్లండి. వచ్చే వేసవిలో ఐదు కాయలతోనైనా సరే, మీ ఇంటి పెద్దావిడ పక్కన కూర్చుని కలపండి. ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ కూర్చోండి. ఆవిడ గుప్పెటతో వేసే ఉప్పును తూచి రాసుకోండి, వాసెన కట్టడం చేత్తో నేర్చుకోండి. ఆ చేయి ఉండగానే నేర్చుకోవాలి. తరవాత ఏ సీసా కొన్నా ఆ విద్య రాదు.