అంట్లు ఎవరు తీస్తారు? 'ది సిమ్స్' ఆటలో ఇంటిచాకిరి

కంప్యూటర్ ఆట గురించి స్త్రీవాద పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ 'ది సిమ్స్'లో చంపాల్సిన శత్రువులు లేరు, గెలుపు లేదు. ఒక ఇల్లు, అందులో మనుషులు. వాళ్లకి ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, తిన్న కంచాలు కడగాలి, స్నానాలగది తుడవాలి. విమల 'వంటిల్లు' చదివి పెరిగిన మనకి ఇది పరాయి వస్తువు కాదు.

విల్ రైట్ 1991 ఓక్‌లండ్ అగ్నిప్రమాదంలో ఇల్లు పోగొట్టుకుని, మళ్లీ ఒక్కొక్క వస్తువూ సమకూర్చుకుంటున్నప్పుడు పుట్టిన ఆలోచన ఇది. మాక్సిస్ సంస్థ నుంచి ఆట 2000లో వచ్చింది. తయారవుతున్న రోజుల్లో దీన్ని 'డాల్‌హౌస్' అని పిలిచేవాళ్లు. బొమ్మరిల్లు అంటే మగపిల్లలు ముట్టుకోరని ఆ పేరు వదిలేశారు. తీరా చూస్తే దీన్ని నిలబెట్టింది ఎక్కువగా ఆడవాళ్లే. మన లక్కపిడతలని కూడా ఎవరూ 'ఆట'గా లెక్కపెట్టలేదు కదా.

కొన్నాళ్లు ఆడాక విసుగు పుడుతుంది. దానికి కంపెనీ చెప్పే మందు కొత్త ప్యాక్ కొనుక్కోమని. నాలుగో సిమ్స్‌కి 2018లో బట్టలుతికే ప్యాక్ వచ్చింది, 2021లో దుమ్ము దులిపే కిట్ వచ్చింది. ఉతుకుడు ప్యాక్ ఇతివృత్తాన్ని ఆడేవాళ్లే ఓట్లేసి ఎంచుకున్నారు! జీతం లేని చాకిరిని డబ్బిచ్చి మరీ కొనుక్కోవడం మీద ఒక సిద్ధాంత వ్యాసమే రాయవచ్చు. కానీ ఆ కొత్తదనం రెండురోజుల ముచ్చట. రెండో మందు దొంగ సంకేతం. 'మదర్‌లోడ్' అని కొడితే 50,000 సిమోలియన్లు వచ్చి పడతాయి. కష్టం పోతుంది, దానితోపాటు కథా పోతుంది.

విసుగు నిజంగా తీరేది ఆడేవాళ్లు తమకి తాము కట్టడి పెట్టుకున్నప్పుడు. ఖాళీ స్థలంలో ఒక్క మనిషితో మొదలుపెట్టి పది తరాలు నడిపే 'లెగసీ ఛాలెంజ్' అలాంటిది. అందులో వారసత్వం తల్లివైపు పోవాలా, తండ్రివైపు పోవాలా, సమానమా అన్నది ముందే నిర్ణయించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కు 1986 చట్టంతో వచ్చింది, అదీ అప్పటికే పెళ్లయిన వాళ్లని బయట ఉంచి. ఆటలో అది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. 2009లో రాబిన్ బర్కిన్‌షా, మూడో సిమ్స్‌లో కెవ్ అనే తండ్రినీ ఆలిస్ అనే కూతురినీ ఇల్లు లేకుండా పార్కు బెంచీల మీద బతికించి, వాళ్ల కథ రాశారు. కొత్త సామాను ఏమీ కొనలేదు, ఉన్నదాన్నే తీసేశారు. ఆ కథ లోకమంతా చదివింది.

అసలు విషయానికి వస్తాను. మొదటి సిమ్స్‌లో మనిషిని తయారుచేసేటప్పుడు అయిదు గుణాలకి 25 పాయింట్లు పంచాలి. వాటిలో ఒకటి 'నీట్'. అది ఎక్కువ ఉన్నవాళ్లు మనం చెప్పకపోయినా కంచం తీసి కడుగుతారు, తక్కువ ఉన్నవాళ్లు తిన్నచోటే వదిలేస్తారు. ఆడా మగా తేడా లేదు. పైకి ఇది గొప్ప సమానత్వంలా కనిపిస్తుంది. నాకు మాత్రం బాగా విన్న మాటలు వినిపించాయి: "ఆమెకి శుభ్రం ఎక్కువండీ, చూస్తూ ఊరుకోలేదు." మన ఇళ్లల్లో పితృస్వామ్యం తన పేరు చెప్పుకోదు, స్వభావం పేరుతో వస్తుంది. శిక్షణని గుణంగా మార్చి చూపించే ఆ పనినే ఈ ఆట లెక్కల్లో పెట్టింది.

2025లో మొదటి సిమ్స్ మళ్లీ విడుదలయింది కాబట్టి ఎవరైనా ఆడి చూడొచ్చు. నేను మొదట భర్తకి నీట్ పాయింట్లు నిండుగా ఇచ్చి, భార్యకి సున్నా ఇచ్చాను. ఆమె కంచం వదిలేసి పోతుంటే అతను వెనకాలే తీసుకుంటూ వచ్చాడు. కాసేపు నవ్వొచ్చింది, తర్వాత అతని మీద జాలేసింది. అత్తగారి మీద మనకి రానిది అతని మీద ఎందుకొచ్చిందో ఆలోచించాలి. తర్వాత ఇద్దరికీ సున్నా ఇచ్చాను. ఈగలు ముసిరాయి, గది బాగోగుల గీత ఎర్రగా దిగిపోయింది. ఎవరూ లేవలేదు.

అప్పుడు అందరూ చేసే పనే చేశాను. ఫోనెత్తి పనిమనిషిని పిలిచాను. గంటకి 10 సిమోలియన్లు. ఇల్లు తళతళలాడింది, భార్యాభర్తల సమస్య తీరిపోయింది. మన చర్చలు కూడా చాలాసార్లు ఇక్కడికి వచ్చి ఆగిపోయాయనీ, ఆ వచ్చినామె కులం, కూలీ సంగతి తర్వాత చూద్దామన్నామనీ దళిత స్త్రీవాదులు ఎప్పుడో అడిగారు. ఆటలో ఇంటివాళ్ల ఎనిమిది అవసరాలకీ ఎనిమిది గీతలున్నాయి. వచ్చినామె ఆకలి గీత, అలసట గీత తెర మీద ఎక్కడా కనిపించవు.

సరే, ఆమె ఇల్లు కడదాం, ఆమె కథ ఆడదాం అనుకున్నాను. పేట చివర చిన్న గది, ఒక మంచం, ఒక పొయ్యి. ఉద్యోగం వెతుక్కోవడానికి పేపరు తీశాను. ఆ ఆటలో ఉద్యోగాలు 10 రకాలు. రాజకీయం ఉంది, సైన్యం ఉంది, దొంగతనం కూడా ఉంది. ఇళ్లల్లో పని లేదు.