హెడ్డు నడిచే దారి

బెంగళూరు పీణ్యలో లేజర్ కటింగ్ షెడ్డుకు వెళ్తే చూపు ముందుగా నిప్పురవ్వల మీద పడుతుంది. పనితనం తెలియాలంటే రవ్వలు ఆగినప్పుడు చూడాలి. ఒక రంధ్రం కోసిన హెడ్డు, అంటే లేజర్ కిరణాన్ని వదిలే మొన, రెండో రంధ్రానికి ఏ దారిన వెళ్లిందన్న దాంట్లో ప్రోగ్రామర్ నేర్పు ఉంటుంది.

హెడ్డుది రెండు రకాల నడక: కోస్తూ నడిచేది, వట్టి నడక. 200 × 100 మి.మీ. పలకకు మూలకొకటిగా నాలుగు 10 మి.మీ. రంధ్రాలు కావాలనుకుందాం. చుట్టుకొలత 600. రంధ్రానికి 31.4 చొప్పున 125.6. మొత్తం కోత 725.6 మి.మీ. కోత గీత మీదే కిరణంతో గుచ్చితే అంచున మచ్చ పడుతుంది కనుక, పారేసే వైపు గుచ్చి గీతలోకి వస్తారు. దీన్నే లీడ్-ఇన్ అంటారు. 3 మి.మీ. చొప్పున అయిదు కోతలకు మరో 15. ఇంతవరకూ లెక్క ఎవరు వేసినా దాదాపు ఒకటే.

వట్టి నడక అలా కాదు. రంధ్రాల కేంద్రాలు అంచులకు 15 మి.మీ. లోపల ఉంటే, పక్కపక్క రంధ్రాల వరసలో నడక 70, 170, 70: మొత్తం 310. ఎదురు మూలలకు దాటుతూ పోతే 184, 170, 184: మొత్తం 538. ముక్కకు 228 మి.మీ. తేడా. 2500 × 1250 షీటులో 120 ముక్కలు పరిస్తే, వృథా నడక 27 మీటర్లు దాటుతుంది. గట్టు దగ్గర ఎద్దుల్ని తిప్పుకోవడంలో రైతు చూపే ఒడుపే ఇక్కడా కావాలి. నాలుగు రంధ్రాలకు 24 వరసలుంటే, పది రంధ్రాలకు 36,28,800. అన్నీ చూసుకుంటూ కూర్చోలేం కనుక సాఫ్ట్‌వేర్ ఒక మంచి వరస వెతికి ఇస్తుంది.

దాన్ని మంచి ప్రోగ్రామర్ మళ్లీ దిద్దుతాడు, కొన్నిచోట్ల కావాలనే దారి పెంచుతాడు. బయటి గీత ముందు కోస్తే ముక్క కదిలి రంధ్రాలు తప్పుతాయి. అందుకే లోపలివి ముందు. పక్కపక్కనే వరసగా కోస్తే వేడి పోగుపడి పలుచని షీటు వంగుతుంది. అందుకే కాస్త ఎడంగా వెళ్లి వస్తాడు. తెగిన ముక్క ఒరిగి నిలబడితే హెడ్డుకు తగులుతుంది. అందుకే కోసిన చోటు మీదుగా కాక చుట్టూ తిప్పుతాడు. పొడవు తగ్గించడం లెక్క. ఎక్కడ తగ్గించకూడదో తెలియడం లోహంతో చేసిన సావాసం.

ఈ ఊరికి ఆ సావాసం పాతదే. 1953లో మెషిన్ టూల్స్ తయారుచేసే హెచ్‌ఎంటీ, 1962లో వాటి మీద పరిశోధన చేసే నేటి సీఎంటీఐ ఇక్కడ మొదలయ్యాయి. యంత్రాలను తయారుచేసే యంత్రాలు ఈ నేల మీద పుట్టాయి.

కోత గీత ముక్క అంచున మిగులుతుంది, కొన్నవాడు వేలితో తడిమి చూస్తాడు. వట్టి నడక దేనిమీదా మిగలదు. అయినా దాన్ని అంత శ్రద్ధగా గీసిన మనిషికి, ఆఖరి ముక్క తెగాక జల్లెడలా చదునుగా మిగిలిన షీటే సాక్ష్యం.