గండికోట దర్వాజా, లూడో పాచికలు

టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ అంటే నలుగురైదుగురు చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట. గేమ్ మాస్టర్ అనే సూత్రధారి సన్నివేశం చెబుతాడు. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర పట్టి, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో చెబుతారు. జరుగుతుందా లేదా అన్న సందేహం వచ్చిన చోట పాచిక వేస్తారు. రచ్చబండ మీద గీసుకుని ఆడే పులి మేకలో 3 పులులు, 15 మేకలు ఉంటాయి కానీ మేక పులితో మాట్లాడటానికి వీల్లేదు. "కొండ అవతల ఇంకో మంద ఉంది, చూపిస్తా" అని పులికి ఆశ పెట్టే మేకకు ఆ గీతల్లో చోటు లేదు. రోల్ ప్లేయింగ్‌లో ఆ చోటు ఉంది.

ఈ ఆటలకు మూలం 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇప్పటికీ పేరు దానిదే. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో ఆటగాడి పుస్తకమే 300 పేజీలు దాటుతుంది. 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు కావాలి. గొప్ప ఆటే, కానీ మొదటి సాయంత్రానికి తగదు. పాత్ర ఒక్క మాట పలకక ముందే దాని జాతి, వృత్తి, పూర్వకథ, ఆరు రకాల సామర్థ్యాల అంకెలు తేల్చుకోవాలి. పులివెందుల ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఎప్పుడూ ఆడని అయిదుగురు రాత్రి ఎనిమిదింటికి కూర్చుంటే, ఆ కాగితాలు నింపేసరికే నిద్ర ముంచుకొస్తుంది. కొత్తవాళ్లకు ఆట ఎంచేటప్పుడు చూడాల్సింది పేజీల లెక్క కాదు, మొదటి మాటకు ముందు ఎన్ని విషయాలు తేల్చుకోవాలన్నది.

ఆ కొలతకు బాగా నిలిచేది జాన్ హార్పర్ 2013లో రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్. మొత్తం ఒక్క పేజీ, మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు. ప్రొద్దుటూరులో ఏ ఫ్యాన్సీ షాపులో లూడో పెట్టె కొన్నా అవి దొరుకుతాయి. అసలు కథ అంతరిక్ష నౌక సిబ్బందిది. ఒక్కో పాత్రకు 2 నుంచి 5 లోపు ఒకే ఒక అంకె ఉంటుంది. లెక్కతో, యంత్రంతో పని (లేజర్) అయితే పాచిక ఆ అంకె కంటే తక్కువ పడాలి, మనసుతో, మాటతో పని (ఫీలింగ్) అయితే ఎక్కువ పడాలి. సరిగ్గా ఆ అంకే పడితే పని నెగ్గుతుంది, పైగా సూత్రధారిని ఒక ప్రశ్న అడిగి నిజం రాబట్టుకోవచ్చు. ఒక పాచికతో మొదలు. ముందే సిద్ధపడి ఉంటే ఇంకొకటి, ఆ పనిలో ఆరితేరినవాడైతే మరొకటి.

ఆ నౌకను కడప జిల్లాలోని గండికోటకు దించడం కష్టం కాదు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవర్నియే ఈ కోటకు వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. లేజర్, ఫీలింగ్ స్థానంలో కత్తి, మాట అని పెట్టుకుంటే చాలు. వర్తకుడి మూటలు మోసే కూలీ ఒక పాత్ర, అతని అంకె 3. చీకటి పడింది, దర్వాజా మూశారు. కాపలావాడు "యాడికి పోతాండావబ్బీ ఈ చీకట్లో?" అంటాడు. కూలీ మాటతో నెగ్గాలనుకున్నాడు. కాపలావాడికని ముందే తమలపాకుల కట్ట తెచ్చుకున్నాడు కాబట్టి రెండు పాచికలు. 5, 2 పడ్డాయి. 5 నెగ్గింది, 2 నెగ్గలేదు.

ఆట ప్రాణం ఇక్కడుంది. ఒక్క పాచికే నెగ్గితే పని అవుతుంది కానీ ఏదో ఒకటి చెల్లించుకోవాలి. కాపలావాడు చిన్న తలుపు తీస్తాడు, కూలీ వెంట ఉన్న కంచరగాడిద మాత్రం బయటే ఉండాలంటాడు. వజ్రాలున్నది దాని జీను కింద. సూత్రధారి ముందుగా అల్లుకోని కథ అప్పటికప్పుడు పుట్టుకొచ్చింది. అంకె 3 ఉన్న పాత్ర మాట కోసం రెండు పాచికలు వేస్తే ఇలాంటి అరకొర గెలుపు 9లో 4 సార్లు వస్తుంది, పూర్తి గెలుపు 4 సార్లు, ఓటమి ఒక్కసారే. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లోనూ ఇదే సూత్రం. రెండు పాచికల మొత్తానికి పాత్ర సామర్థ్యపు అంకె కలిపినప్పుడు 7 నుంచి 9 దాకా వస్తే గెలుపు, దానితో పాటు చిక్కు. ఆ అంకె సున్నా అయితే 36 అవకాశాల్లో 15 అలాంటివి. గెలిచావు, ఓడావు అని రెండే తీర్పులిచ్చే ఆటలో కొత్త సూత్రధారి తొందరగా తడబడతాడు.

అప్పటికప్పుడు మాట్లాడాలంటే కొత్తవాళ్లకు బెరుకు. నిజానికి నియమం మాటను కట్టేయదు, దారి చూపిస్తుంది. అవధానులు గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని మెలిగిన ప్రొద్దుటూరుకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అవధానంలోని నిషిద్ధాక్షరి అంశంలో, ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఒక అక్షరం వద్దన్నప్పుడే అవధాని ఊహ ఇంకో అక్షరం వైపు పరుగెత్తుతుంది. పాచిక చేసే పనీ అదే. అందుకే పాత్రలు ఇంటి తెలుగులో మాట్లాడాలి. నియమాలు ఇంగ్లీషులో ఉన్నాయని కాపలావాడి చేత కూడా ఇంగ్లీషు పలికిస్తే సగం మంది నోరు తెరవరు.

మూడు నాలుగు సాయంత్రాలయ్యాక "నా కూలీ ఎప్పుడు ఎదుగుతాడు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒక్క పేజీ ఆటలో దానికి జవాబు లేదు. అప్పుడు తీయాల్సింది యోకై గాల్ 2020లో తెచ్చిన కైర్న్. బలం, చురుకు, మనోబలం అని మూడే సామర్థ్యాలు. దెబ్బ తగిలిందా లేదా అని పాచిక వేయరు, తగిలే తీరుతుంది, ఎంత తగిలిందన్నదే తేలాలి. కాబట్టి ఆటగాళ్లు కత్తి దూసే ముందు ఆలోచిస్తారు. దాని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రకారం ఎవరైనా తెలుగు చేసుకుని పంచుకోవచ్చు. దీనికి దెబ్బ లెక్కకు 4 నుంచి 12 ముఖాల దాకా పాచికలు, మిగతా వాటికి 20 ముఖాల పాచిక కావాలి. 20 ముఖాలది దొరకని చోట 1 నుంచి 20 దాకా రాసిన చీటీలు చెంబులో వేసి తీస్తే సరిపోతుంది. తీసిన చీటీని ప్రతిసారీ మళ్లీ చెంబులో వేయాలి, లేకపోతే తర్వాతివాడి అవకాశాలు మారిపోతాయి.