చీర కట్టిన నవ్వు

సూర్యాపేట నా పుట్టిల్లు. దసరాకో, రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద జరిగే లింగమంతులస్వామి జాతరకో వెళ్తుంటాను. కోదాడ నుంచి అక్క, మిర్యాలగూడ నుంచి చిన్నమ్మ వస్తారు. తిరగడం, తినడం, కడుపారా నవ్వడం - ఈ మూడూ మా ఇంటి ఆడవాళ్ళకి తీరిగ్గా దొరికేది అప్పుడే. అందుకే ఆ నవ్వు గురించి రాయాలంటే కొంచెం జంకు. "పండగపూట కూడ నీ సిద్ధాంతాలేనా?" అంటుంది అక్క.

కోదాడలో ఒక వినాయక చవితికి అక్కతో కలిసి వీధి వేదిక మీద హాస్య కార్యక్రమం చూశాను. మొగుడు, చీర కట్టిన మగవాడే పెళ్ళాం. ఆమె నలుపు మీద, లావు మీద, పుట్టింటి మీద వరసగా జోకులు. చివరికి చెంపదెబ్బ. ముందు వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళు కూడా పగలబడి నవ్వారు. 2013లో మొదలైన 'జబర్దస్త్' ఇంటింటికీ పరిచయం చేసిన 'లేడీ గెటప్' ఇదే.

మగవాడు చీర కట్టడంలోనే నవ్వు ఉందా? లేదు. స్థానం నరసింహారావు సత్యభామగా మెప్పించారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఒగ్గుకథలో మగ కళాకారుడు తల్లిగా మారి ఏడిస్తే జనం కళ్ళు తుడుచుకుంటారు. మరోవైపు, 2005లో మరణించిన చిందు ఎల్లమ్మ జాంబపురాణంలో జాంబవంతుడిగా నిలబడ్డారు. ఆ మగవేషం నవ్వించడానికి కట్టింది కాదు, ఒక దళిత సమూహం తన పుట్టుక కథ చెప్పుకునే పాత్ర. అంటే వేషం మారడం తప్పు కాదు. కోదాడ వేదిక మీద హాస్యవస్తువు చీర కాదు, ఆ చీరలో ఉండాల్సిన ఆడమనిషి. ఆమె అక్కడ లేదు కాబట్టే ఆమెని ఏమైనా అనొచ్చు, కొట్టొచ్చు.

మరి ఆడవాళ్ళకి హాస్యం రాదా? 2025 ఫిబ్రవరి జాతరలో, గట్టు కింద చెట్టు నీడన కూర ఉడుకుతుంటే చిన్నమ్మ బాబాయిని అనుకరించింది. మంచంలోంచి లేవకుండా మంచినీళ్ళడగడం, అవి వచ్చాక చల్లగా లేవని సణగడం. మేం పొట్టలు పట్టుకున్నాం. అంతలో ఆమె కొడుకు కట్టెలు తెచ్చాడు. చిన్నమ్మ కొంగు సర్దుకుని గరిటె అందుకుంది. ప్రదర్శన ముగిసింది.

ఆమె హాస్యంలో ఎవరి రంగూ లేదు, ఒళ్ళూ లేదు. అధికారం ఎంత బద్ధకంగా బతుకుతుందో ఉంది. సద్దుల చెరువు గట్టు మీద బతుకమ్మ ఆడి, సద్దులు పంచుకుంటూ ఆడవాళ్ళు చెప్పుకునే అత్తామామల ముచ్చట్లలోనూ ఇదే పదును. కాకపోతే దానికి మైకు లేదు, మగవాళ్ళ చెవి సోకితే ఆగిపోతుంది.

అచ్చులో భానుమతి 'అత్తగారి కథలు' ఉన్నాయి. అయినా మన విమర్శ స్త్రీల కన్నీళ్ళని చదివినంత ఓపిగ్గా స్త్రీల నవ్వుని చదవలేదు. వీధి హాస్యాన్ని 'చౌకబారు' అని పక్కన పెట్టేశాం. అది మన అక్కచెల్లెళ్ళ పండగలోకి వచ్చి కూర్చుంది. అక్కని నవ్వొద్దనే హక్కు నాకు లేదు. చిన్నమ్మ చేతికి మైకు ఎందుకు రాలేదని అడిగే బాధ్యత మాత్రం ఉంది.