మోసే గోడ: కోనసీమ ప్రభలు, కుడ్యచిత్ర విమర్శ

యువకులు స్థానికులతో కలిసి బహిరంగ స్థలాల్లో రూపొందించే కళను నగరానికి చెందిన కొత్త పోకడగా చూడటం పరిపాటి. 2016–17 ప్రాంతంలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ హైదరాబాదులోని ఎం.ఎస్. మక్తాలో చేపట్టిన కుడ్యచిత్రాలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అవి బస్తీ రూపాన్ని మార్చిన మాట నిజమే. కానీ అక్కడ గోడ గృహస్థుది, చిత్రం బయటినుంచి వచ్చిన చిత్రకారుడిది. స్థానికుల పాత్ర ప్రధానంగా సమ్మతి. సమ్మతి వేరు, కర్తృత్వం వేరు. ఈ తేడాను పట్టించుకోకుండా ‘సామూహికం’ అన్న విశేషణాన్ని వాడటం విమర్శకు తగదు. కోనసీమ ప్రభలను ఈ కోణంనుంచి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అంబాజీపేట మండలం మోసలపల్లి శివారులోని జగ్గన్నతోటలో గుడి లేదు, గోడ లేదు, ఉన్నది కొబ్బరితోట. కనుమనాడు చుట్టుపక్కల గ్రామాలనుంచి ఏకాదశ రుద్రులు ప్రభలపై అక్కడికి చేరుతారు. ప్రభ నిర్మాణంలో చిత్రఫలక లక్షణం స్పష్టం. వెదురుతో ఎత్తయిన చట్రం కడతారు. పైభాగాన్ని విల్లులా వంచుతారు. రంగురంగుల కొత్త వస్త్రాలతో ఆ తలమంతా కప్పుతారు. వరికంకులు, గంటలు, నెమలి ఈకలు అలంకారాలు. పైకెక్కి కట్టేది యువకులు. కొలత, వంపు, ముడి చెప్పేది పెద్దలు. సంతకం ఎవరిదీ కాదు. అయినా ఏ ఊరి ప్రభ ఎలా వచ్చిందో తీర్థంలో ప్రతివారూ పోల్చి చూస్తారు. అది విమర్శే, పత్రికల్లో అచ్చుకాదు, అంతే.

ప్రభ దేవతావాహనం కనుక దానిని చిత్రకళతో పోల్చరాదన్న ఆక్షేపణ రావచ్చు. దేవత ఉన్నంతమాత్రాన రూపకల్పన లేకుండా పోదు. లేపాక్షి కప్పుమీది చిత్రాలను కళగా చదివేటప్పుడు ఈ సందేహం ఎవరికీ రాలేదు.

ప్రభ రూపాన్ని నిర్ణయించేది కన్నుతోపాటు భుజం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నీటిలో దిగి దాటాలి. ‘అశ్శరభ శరభ’ అంటూ యువకులు చేలకు అడ్డంపడి నడుస్తారు. పైరు తొక్కుడుపడినా రైతు నష్టంగా భావించడు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పడుతుంది, తడిసిన వస్త్రం బరువెక్కుతుంది. అందం, భారం ఒకే లెక్కలో తేలాలి. కుడ్యచిత్రకారుడికి తన గోడను మోయవలసిన అగత్యం లేదు. ప్రభలో కర్తృత్వం మోతతో ముడిపడి ఉందని నా అభిప్రాయం.

అయితే ‘ఊరు’ అన్న మాటను విమర్శ నమ్మకంగా వాడలేదు. జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. ఒక మంత్రి, ఒక శాసనసభ్యుడి ఇళ్లకు నిప్పుపెట్టారు. వీధుల్లోకి వచ్చినవారిలో యువకులు అధికం. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ప్రభల తీర్థాన్ని ప్రదర్శించింది. కర్తవ్యపథంలో కనిపించినది ఒకే సమాజం, ఒకే ఆనందం. శకటానికి చక్రాలుంటాయి, ఎవరి భుజమన్న ప్రశ్న అక్కడ పుట్టదు. గ్రామంలో పుడుతుంది.

జానపద విజ్ఞాన రచనలు ప్రభల పురాణగాథను, రుద్రుల నామావళిని శ్రద్ధగా నమోదు చేస్తాయి. అదే పండుగ రోజుల్లో వాకిళ్లను చిత్రఫలకాలుగా మార్చే ఆడపిల్లల ముగ్గులను మాత్రం ఇంటిపనిగా విడదీస్తాయి. ఆ వాకిలి కూడా వీధిలోనిదే. ఇకమీద క్షేత్రపరిశీలనలో ప్రభ ఎత్తుతోపాటు చట్రం కట్టినవారు, వస్త్రం ఇచ్చినవారు, భుజం పట్టినవారు, చూస్తూ నిలబడినవారు ఎవరెవరో, ప్రభ ఏ వీధిగుండా సాగిందో, ఏ వీధిని తప్పించి వెళ్లిందో కూడా నమోదు కావాలి.