సూర్యాపేట పిన్‌కోడ్‌ను భాగించి చూద్దాం

కాగితం, పెన్ను పట్టుకుని పెద్ద పెద్ద భాగహారాలు చేయడం నాకు ఎప్పటి నుంచో ఇష్టమైన పని. ఈ వారం మన మూడు పట్టణాల పిన్‌కోడ్లు ముందేసుకున్నాను. కోదాడ 508206, మిర్యాలగూడ 508207, సూర్యాపేట 508213. ఉత్తరాలు సులువుగా వేరుచేయడానికి తపాలా శాఖ 1972లో తెచ్చిన పద్ధతి ఇది. గణితంతో దానికి పనే లేదు. అయినా ఈ మూడు సంఖ్యలూ మూడు రకాలు.

కోదాడది సరి సంఖ్య, అంకెలు కూడితే 21. అందుకే 2తోనూ 3తోనూ నిశ్శేషంగా పోతుంది. మిర్యాలగూడది అంత తేలిగ్గా లొంగేలా కనిపించదు. కానీ 508200లో 7 సరిగ్గా 72600 సార్లు పోతుంది, పైన మిగిలిందీ 7 మాత్రమే. పూర్తిగా విడగొడితే 7 × 79 × 919.

అసలు పని సూర్యాపేట దగ్గర. ఒక సంఖ్యను రెండు కారణాంకాల లబ్ధంగా రాస్తే, చిన్నది దాని వర్గమూలాన్ని దాటదు. 713 వర్గం 508369, అంటే మన సంఖ్యను మించిపోయింది. కాబట్టి 709 వరకు ఉన్న 127 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 2, 3, 5, 11 సంగతి చూపుతోనే తేలుతుంది. 7కూ 79కీ కష్టం లేదు. మిర్యాలగూడ సంఖ్యకు 6 కలిపితే సూర్యాపేటది వస్తుంది కనుక రెండింటికీ శేషం 6. మిగతావి ఒక్కొక్కటీ చేసి తీరాలి. 19తో భాగిస్తే 1 మిగులుతుంది, 47తో 2. చివరిదైన 709 అందులో 716 సార్లు పోయి 569 మిగులుస్తుంది. ఇక సందేహం లేదు, 508213 ప్రధాన సంఖ్యే.

దీన్ని 4తో భాగిస్తే శేషం 1. అలాంటి ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తం అవుతుందని ఫెర్మా 1640లో మెర్సెన్‌కు ఉత్తరం రాశాడు. తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ రుజువు చేశాడు. ఇక్కడ ఆ జత 262, 663. వాటి వర్గాలు 68644, 439569. కూడి చూసుకోండి. మరో జత ఎంత వెతికినా దొరకదు.

2024లో బయటపడిన అతిపెద్ద ప్రధాన సంఖ్యలో 4 కోట్లకు పైగా అంకెలున్నాయి. అక్కడ భాగహారాలతో పని జరగదు. భాగించకుండానే ఏ సంఖ్య ప్రధానమో వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. అయినా ఆరంకెల సంఖ్యను చేత్తో తేల్చడం వృథా అనుకోను. రుజువు అంటే ఏమిటో అందులోనే తెలుస్తుంది.

లెక్కల మాస్టార్లకు, టీచర్లకు నా మనవి. 40 మంది ఉన్న తరగతిలో ఈ 127 భాగహారాలను పంచితే తలా మూడో నాలుగో వస్తాయి. ఒక్క పీరియడ్ చాలు. ఒక్కరు తప్పు చేసినా రుజువు నిలవదు కాబట్టి పక్కవాళ్ల లెక్కను మరొకరితో సరిచూయించండి. పుస్తకంలో ఉందని కాకుండా, తామే తేల్చిన నిజంగా పిల్లలు దాన్ని గుర్తుంచుకుంటారు.